మీకు తెలుసా? పెద్ద టైర్ల లెక్క, పల్నాటి నేల తీర్పు

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా పల్నాడు రోడ్ల మీద థార్‌లు, జిమ్నీలు, బొలేరోలు తిరుగుతూనే ఉంటాయి. వాటిలో కొన్నింటికి కొన్న కొత్తలోనే కంపెనీ టైర్లు ఊడిపోయి, ఎత్తూ వెడల్పూ ఎక్కువున్న మొరటు బటన్ టైర్లు వచ్చి కూర్చుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఈ జిల్లాలో తారు దిగితే కాలికి తగిలేది ఒకే రకం నేల కాదు. ఒకచోట నల్లరేగడి, ఒకచోట నాపరాయి, ఇంకోచోట సాగర్ కుడికాలువ కట్ట, మరోచోట నల్లమల అంచు. ఏ టైరు వేయాలో షాపువాడి కన్నా ముందు చెప్పేది ఆ నేలే. ఇవి ఆ నేల మీద నిలబడి చూడాల్సిన సంగతులు.

ఒకే టైరు, మూడు కొలమానాలు

బొలేరో టైరు పక్కగోడ మీద 215/75 ఆర్15 అని ఉంటుంది. 215 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. 15 అంటే రిమ్ము వ్యాసం, అది మాత్రం అంగుళాల్లో. ఆర్ అంటే రేడియల్. ఒకే వస్తువు మీద మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిసి కాపురం చేస్తున్నాయి.

లెక్క వేస్తే పక్కగోడ ఎత్తు సుమారు 161 మి.మీ. పైనా కిందా కలిపి 322.5. రిమ్ము 381. మొత్తం టైరు ఎత్తు 703.5 మి.మీ. ఇప్పుడు “కొంచెం వెడల్పు టైరు వేద్దాం” అని 235/75 ఆర్15 వేశారనుకోండి. వెడల్పు 20 మి.మీ. పెరిగింది, ఎత్తు ఏకంగా 30 మి.మీ. పెరిగి 733.5 అయింది. 75 శాతమే కదా, మారలేదు కదా అనుకుంటాం. శాతం మారలేదు, అది దేనిమీద లెక్కేస్తారో అది మారింది. ఈ కూడిక చేతికి రాకుండా టైరు బేరం మొదలుపెట్టకపోవడం మంచిది.

అంత ఖర్చుకు అంగుళం కూడా రాదు

థార్‌లో 18 అంగుళాల రిమ్ముతో వచ్చే టైరు 255/65 ఆర్18. ఎత్తు 788.7 మి.మీ., అంటే దాదాపు 31 అంగుళాలు. కుర్రాళ్ళు మోజుపడే 33 అంగుళాల టైరు వేస్తే ఎత్తు 838 మి.మీ. అవుతుంది. పెరిగింది సుమారు 49.5. అయితే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. కాబట్టి బండి పైకి లేచేది అందులో సగమే, 24.7 మి.మీ. అంగుళానికి కొంచెం తక్కువ!

ఇక్కడే రెండో సంగతి. బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్లు బాడీని ఎత్తుతాయి గానీ, వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్‌ను ఒక్క మిల్లీమీటరు కూడా ఎత్తలేవు. దాన్ని నేల నుంచి దూరం జరిపేది టైరు ఒక్కటే. బండి జాడల మధ్య గట్టు డిఫరెన్షియల్‌కు తగులుతుంటే టైరు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. తగలనప్పుడు ఆ అంగుళం కోసం అంత ఖర్చు ఎందుకన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఎద్దుల బండి చక్రం ముందు థార్ చక్రం చిన్నదే

పాత కట్టె బండి చక్రాలు అంత ఎత్తుగా ఎందుకుండేవో ఎప్పుడైనా ఆలోచించారా? అలంకారానికి కాదు, ఎద్దుల మెడ కోసం. డొంకదారిలో 15 సెంటీమీటర్ల రాయి అడ్డం వచ్చిందనుకుందాం. చక్రం మీద 100 కిలోల బరువుంది. బండి ఆగి ఉంది. దాన్ని ఆ రాయి ఎక్కించడానికి ఇరుసు దగ్గర నేరుగా ముందుకు ఎంత బలంతో లాగాలి?

జిమ్నీ చక్రం (195/80 ఆర్15, ఎత్తు 69 సెం.మీ.) అయితే సుమారు 145 కిలోల బలం కావాలి. థార్ చక్రానికి 127 చాలు. 5 అడుగుల కట్టె చక్రానికి కావలసింది దాదాపు 74. జిమ్నీకి పట్టేదానిలో ఇది సగం. టైరు మెత్తదనాన్ని పక్కనపెట్టి వేసిన లెక్క ఇది, అయినా తేడా ఎటువైపుందో చెప్పడానికి చాలు. పెద్ద చక్రం రాతిని ఏటవాలుగా తాకుతుంది, చిన్న చక్రం గోడను గుద్దుకున్నట్టు గుద్దుకుంటుంది. గుంటలోకి పడేటప్పుడూ అంతే, పెద్దది గుంట నోటి మీదుగా దాటిపోతుంది. పెద్ద టైరు వల్ల నిజంగా కలిసొచ్చేదేమిటని నన్నడిగితే ముందు ఇదే చెబుతాను, నేలకూ బండికీ మధ్య ఎత్తు ఆ తరువాత.

కట్టె చక్రానికి ఒకటే లోపం. ఇనుప పట్టా సన్నం కావడంతో మెత్తటి నేలను కోసుకుంటూ లోపలికి దిగేది. అందుకే తరువాత గాలి టైర్ల బండ్లు వచ్చాయి. పశువులు లాగే బండ్ల కోసం మన దేశంలో టైర్ల కంపెనీలు ప్రత్యేకంగా 8.00-19 లాంటి కొలతల్లో టైర్లు చేస్తాయి. ఆ రకానికి ఏడీవీ అని పేరు. ఇంగ్లీషులో జంతువులు లాగే వాహనం అనే మాటకు అది పొట్టి రూపం.

రేగడి తడిస్తే వెడల్పు టైరే శత్రువు కావచ్చు

ఇసుకలో వెడల్పు టైరు తేలుతుంది, ఇది అందరికీ తెలుసు. దాన్నే బురదకూ అన్వయిస్తారు. రేగడి దగ్గర ఆ సూత్రం సగమే పనిచేస్తుంది.

నల్లరేగడిలో నీరు పీల్చి ఉబ్బే బంకమట్టి ఎక్కువ. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తడిస్తే జిగురవుతుంది. ఆ మట్టి ముందు బటన్ల మధ్య సందుల్ని నింపుతుంది. సందులు నిండిన టైరుకు, అరిగి గుండైన టైరుకు ఆ బురదలో తేడా ఉండదు. తరువాత అది చక్రంతో పాటు పైకి వెళ్ళి మడ్‌గార్డ్ లోపల పేరుకుంటుంది. కంపెనీ టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య ఉన్న సందు మట్టి జారిపోవడానికి దారి. 33 అంగుళాల వెడల్పు టైరు వేసి ఆ సందును మనమే మూసేస్తే, కొంచెం దూరం పోయేసరికి మట్టే చక్రాన్ని పట్టేస్తుంది. ఇంజను అరుస్తుంటుంది, బండి కదలదు. అప్పుడు గడ్డపార పట్టుకుని దిగి మట్టి తవ్వాల్సిందే.

కాబట్టి ఏది వేయాలి? కింద ఒక అడుగులో నాపరాయి పొర తగిలే చోట సన్నటి టైరు బురదను కోసుకుని గట్టినేలను పట్టుకుంటుంది. ఎంత దిగినా అడుగు తగలని లోతు రేగడిలో సన్నటి టైరు దిగుతూనే ఉంటుంది, అక్కడ వెడల్పు కావాలి. ఎటు చూసినా బటన్ల మధ్య సందు ఎక్కువగా ఉండి, చక్రం తిరిగే ఊపుకు మట్టిని విదిలించుకునే రకం మేలు. మడ్ టెరైన్ టైర్లు చేసేది ఆ పనే. కానీ అవే తారు మీద హోరుమంటాయి, తొందరగా అరుగుతాయి, వానకు తడిసిన రోడ్డు మీద బ్రేకుకు సరిగా ఆగవు. ఏడాదిలో ముప్పాతిక భాగం తారు మీదే తిరిగే బండికి ఆల్ టెరైన్ టైరు చాలని నా అభిప్రాయం. మరీ బురదరోజున రైతులే బండిని గట్టున వదిలి నడిచి పోతారు.

ట్రాక్టరు వెనక టైరు మీద బాణంలా ఉండే గట్లను గమనించండి. ముందుకు పోయేటప్పుడు బాణం మొన ముందుగా నేలను తాకాలి. అప్పుడు మట్టి మధ్యలో నుంచి పక్కలకు నెట్టుకుపోతుంది. టైరు తిరగేసి బిగిస్తే మట్టి మధ్యకు చేరి ముద్దకడుతుంది, పట్టు పోతుంది. మాగాణిలో దమ్ము చేసేటప్పుడు ఈ గట్లు కూడా చాలవు. అందుకే ఇనుప చక్రాలు కడతారు. అవి పొలంలో ఎంత మంచివో తారురోడ్డుకు అంత చెడ్డవి. వాటితో రోడ్డెక్కితే కేసు పెడతారు.

టైరులో నీళ్ళు

దుక్కి దున్నే ట్రాక్టరు వెనక టైర్లలో చాలాసార్లు గాలితో పాటు నీళ్ళూ ఉంటాయి. ముప్పావు వంతు దాకా నింపుతారు. 13.6-28 కొలత టైరు ఒక్కోదానిలో 150 లీటర్లకు పైనే పడతాయి. బరువు చక్రం మీదే ఉంటే చక్రం జారదు, నాగలి లాగే బలం నేలకు చేరుతుంది. ఇరుసు మీద అదనపు బరువు పడదు కూడా, ఎందుకంటే నీళ్ళ బరువును మోసేది టైరే. థార్‌కు ఈ ఉపాయం పనికిరాదు సుమా. వేగంగా తిరిగే చక్రంలో బరువెక్కువైతే బ్రేకుకు, స్టీరింగుకు, బేరింగులకు అన్నింటికీ కష్టమే. పెద్ద టైరు వేసినప్పుడు మొదట అరిగేవీ ఇవే.

తక్కువ వేరియంట్‌కే ఎత్తు పక్కగోడ

2020లో కొత్త థార్ వచ్చినప్పుడు కింది వేరియంట్‌కు 245/75 ఆర్16, పై వేరియంట్‌కు 255/65 ఆర్18 టైర్లు ఇచ్చారు. లెక్క వేసి చూడండి. 16 అంగుళాల రిమ్ము టైరు పక్కగోడ 184 మి.మీ., 18 అంగుళాల దానిది 166. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి పెద్ద రిమ్ము వచ్చింది, తక్కువ పెట్టినవాడికి పెద్ద రబ్బరు దిమ్మ వచ్చింది. రాళ్ళలో పనికొచ్చేది రెండోదే.

బయటి ఎత్తు పెరగకుండా రిమ్మును 20 అంగుళాలకు పెంచడం పెళ్ళి ఊరేగింపుకు బాగుంటుంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు క్వారీ దారుల్లో నాపరాయి అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే నలగడానికి రబ్బరు లేక రిమ్ము పగులుతుంది. ఇంకో సంగతి, అల్లాయ్ రిమ్ము దెబ్బకు పగలొచ్చు, ఉక్కు రిమ్ము ఎక్కువగా సొట్టపడుతుంది. సొట్టను ఊళ్ళోనే సుత్తితో సరిచేయించుకుని ఇంటికి చేరొచ్చు.

అన్నింటికన్నా చౌకైన పెద్ద టైరు: తక్కువ గాలి

థార్ బరువు సుమారు 1,750 కిలోలు. చక్రానికి 437 వస్తుంది. 32 పీఎస్‌ఐ గాలి ఉంటే ఒక్కో టైరు నేలను తాకే జాగా లెక్క ప్రకారం 195 చదరపు సెంటీమీటర్లు, అంటే 14 సెం.మీ. చదరం. గాలిని 16కు దించితే అది దాదాపు రెట్టింపు. పక్కగోడ బిగువు వల్ల నిజంగా అంత రాకపోవచ్చు, అయినా మార్పు మాత్రం పెద్దది. పైగా జాగా పొడవుగా పెరుగుతుంది, వెడల్పుగా కాదు. కాబట్టి ముందుకు పోవడానికి అడ్డం తక్కువ, పట్టు ఎక్కువ. కొత్త టైర్ల ఖర్చులో కొద్ది భాగంతో దొరికే ప్రెజర్ గేజి, 12 ఓల్టుల గాలిపంపు పెట్టుకుంటే చాలామందికి పెద్ద టైరు అవసరమే రాదు.

ఒక్క షరతు. తారెక్కగానే గాలి మళ్ళీ కొట్టాలి. వేసవిలో ఎండ వార్తలొస్తే రెంటచింతల పేరు ముందుంటుంది కదా. ఆ ఎండలో గాలి తగ్గిన టైరుతో వేగంగా పోతే పక్కగోడ మాటిమాటికీ వంగి వేడెక్కి పేలిపోవచ్చు. తెల్లవారి 28 డిగ్రీలకు సరిచూసిన టైరులో మధ్యాహ్నం 44 డిగ్రీలకు, బండి కదలకపోయినా, 2, 3 పీఎస్‌ఐ పెరుగుతుంది. అది చూసి గాలి తీసేయకండి. గాలి చూసుకోవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే.

మైలేజీ తగ్గిందా, మీటరు తగ్గించిందా?

బొలేరోకు ఇందాక చెప్పిన 235/75 ఆర్15 వేస్తే చక్రం ఒక చుట్టుకు 4.3 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. అది 80 చూపిస్తే బండి 83.4 మీద పోతుంటుంది. కంపెనీలు మామూలుగా మీటరు కొంచెం ఎక్కువ చూపేలా పెడతాయి గనుక కొంత సర్దుకుంటుంది. కిలోమీటర్ల లెక్కలో తేడా మాత్రం తెలిసిపోతుంది. నిజంగా 10,000 కిలోమీటర్లు తిరిగితే మీటరు 9,590 దగ్గర ఉంటుంది. పెద్ద టైరు వేశాక లీటరుకు ఇంత తగ్గిందని వాపోయేవాళ్ళు ఈ 4 శాతం కలుపుకుని మళ్ళీ లెక్క వేయాలి. కలిపినా కొంత తగ్గే ఉంటుంది. చక్రం పెద్దదైతే గేరు పొడవైనట్టే, నేల మీద లాగే బలం అదే 4 శాతం తగ్గుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే కిందికి దించాల్సి వస్తుంది. అందుకే ఎత్తు మార్పు 3 శాతం దాటకూడదని టైర్లవాళ్ళ పాత సలహా.

139.7 ఎక్కడిది?

జిమ్నీకి, పాత జిప్సీకి చక్రం బిగించే 5 నట్లు 139.7 మి.మీ. వలయం మీద ఉంటాయి. ఇంత వింత అంకె ఎందుకని అడిగితే జవాబు తేలిక, అది సరిగ్గా ఐదున్నర అంగుళాలు. ఇంకో కంపెనీ రిమ్ము అందంగా ఉందని కొనేముందు ఈ వలయం, నట్ల లెక్క, రిమ్ము లోపలికి ఎంత దిగుతుందో చెప్పే ఆఫ్‌సెట్, మూడూ కుదరాలి. ఆఫ్‌సెట్ తప్పితే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెళ్ళి మడ్‌గార్డును గీకుతుంది.

మిర్చి టిక్కీల బండికి అసలైన అంకె

పికప్ బండి మీద మిర్చి టిక్కీలు పేర్చి గుంటూరు యార్డుకు తోలేవారు టైరు ఎత్తు కన్నా ముందు చూడాల్సింది కొలత పక్కన ఉండే చిన్న అంకె. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 109 అయితే 1,030. 112 అయితే 1,120. దాని పక్క అక్షరం వేగానికి. క్యూ అంటే 160 కిలోమీటర్లు, ఎస్ అంటే 180. మొరటు మడ్ టైర్లకు తరచూ క్యూ ఉంటుంది. పెద్దదిగా కనిపించే టైరు తక్కువ బరువు మోసేది కావచ్చు. తయారైన వారం, సంవత్సరం కూడా అక్కడే నాలుగంకెల్లో ఉంటాయి: 2324 అంటే 2024లో 23వ వారం.

ఎత్తు పెరిగితే

శివరాత్రికి కోటప్పకొండకు వచ్చే ప్రభలను చూసినవారికి ఈ సూత్రం చెప్పక్కర్లేదు. అంతెత్తు ప్రభ నిలబడేది నాలుగువైపులా మోకులు పట్టుకున్న మనుషుల వల్ల. టైర్లూ లిఫ్టూ కలిపి ఎత్తిన బండికి మోకులు పట్టేవాళ్ళుండరు. బరువుకేంద్రం పైకి పోయింది, చక్రాల మధ్య దూరం అలాగే ఉంది. కాలువకట్ట మీద పక్కకు వాలినప్పుడు తేడా తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది

2019 జనవరి 9న సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ అసలు నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని కేరళ నుంచి వచ్చిన కేసులో తీర్పిచ్చింది. అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన కొలత వేసుకుంటే గొడవ తక్కువ. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చిన టైరు చెకింగులోనూ, ఇన్సూరెన్సు క్లెయిములోనూ తలనొప్పి. కార్లు, జీపుల టైరు బటను లోతు అరిగి 1.6 మి.మీ. కన్నా తగ్గితే రోడ్డు మీదికి పనికిరాదన్నదీ నిబంధనే.

మాచర్ల దాటి విజయపురి సౌత్ వైపు అడవిలోకి దిగే ఉబలాటం ఉన్నవారికి ఒక మాట. అటు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అనుమతి లేకుండా లోపలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అక్కడ ఎంత పెద్ద టైరైనా ఒకటే.

మన రాష్ట్రంలోనే

ఆఫ్‌రోడ్ మోజున్నవారు ఇష్టపడే ఇసుజు వీ-క్రాస్ పికప్ తయారయ్యేది శ్రీసిటీలో. ఆ పక్కనే చినపండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ 2020లో మొదలైంది. ట్రాక్టర్లకు, భారీ యంత్రాలకు టైర్లు చేసే ఏటీసీ ఫ్యాక్టరీ 2022 ఆగస్టులో అచ్యుతాపురంలో ప్రారంభమైంది.

ఇంకా పెద్దవి

ఐస్‌లాండ్‌లో మంచు మీద తిరిగే జీపులకు 38 అంగుళాల టైర్లు మామూలు. మంచులో గాలిని 2, 3 పీఎస్‌ఐకి దించేస్తారు. అమెరికాలో బిగ్‌ఫుట్ 5 అనే ప్రదర్శన బండికి 10 అడుగుల టైర్లున్నాయి. అవి 1950లలో అలాస్కా కోసం అమెరికా సైన్యం చేయించిన మంచుబండివి. గనుల్లో తిరిగే డంపర్ టైరు 59/80 ఆర్63 అయితే 4 మీటర్ల ఎత్తు, 5 టన్నులకు పైగా బరువు.

నాలుగు కాదు, ఐదు

పెద్ద టైర్లు కొనేవారు నాలుగింటికి డబ్బు లెక్కవేసుకుని స్టెప్నీని వదిలేస్తారు. థార్, జిమ్నీ లాంటి బండ్లలో ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. ఒక చక్రం ఎత్తు తేడాగా ఉంటే ఆ తేడా గేరుపెట్టె మీద బిగువుగా పేరుకుంటుంది. బురదలో టైరు జారి సర్దుకుంటుంది, గట్టినేల మీద లోపల పళ్ళకు దెబ్బ. ఫోర్‌వీల్ ట్రాక్టర్లలో ముందు చిన్న చక్రాలు కావాలనే కాస్త వేగంగా, 1 నుంచి 5 శాతం దాకా, తిరిగేలా గేర్లు కుదురుస్తారు. వెనక మాత్రం పెద్దవి వేస్తే ఆ కుదురు చెడుతుంది. స్టెప్నీ కూడా అదే కొలతలో కొంటే దాన్ని వెనక తలుపుకే తగిలించాలి. అంత బరువు మోసే తలుపు కీళ్ళు సడలి, గతుకుల్లో గడగడలాడటం మొదలుపెడుతుంది. కీళ్ళకు బలమిచ్చే బ్రాకెట్ ధర కూడా అడిగే బేరం ముగించండి.